గుడ్ల పక్కన ఎర్ర జెండా

నేను రిటైరైన రోజు మా ఆఫీసు వాళ్ళు శాలువా కప్పి, ఒక ఫొటో ఫ్రేము చేతిలో పెట్టారు. పాత పేపరు కటింగుకు అద్దం బిగించి చేయించిన ఫ్రేము. అందులో నేను ఖాకీ బట్టల్లో మోకాళ్ళ మీద కూర్చుని, నేల మీదున్న నాలుగు పిట్ట గుడ్ల పక్కన ఎర్ర గుడ్డ కట్టిన కర్ర పాతుతున్నాను. ముఖం నిండా నవ్వు. కింద "పక్షుల పాలిటి పెద్దదిక్కు" అని అచ్చువేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆ ఫొటో తీసి వారం తిరగకముందే ఆ నాలుగు గుడ్లూ పోయాయి. వాటిని పోగొట్టింది ఆ కర్రే. ఆ కర్ర పాతింది నేను. ఆ తప్పును తీసుకుపోయి ఒక గొర్లకాపరి నెత్తిన రుద్దింది కూడా నేనే.

ఫ్రేము ఇప్పుడు బీరువా వెనుక గోడకు ముఖం పెట్టి ఉంది. మా ఆవిడ రెండుసార్లు తీసి హాల్లో పెట్టింది. రెండుసార్లూ మళ్ళీ వెనక్కి తోశాను. "గంత కోపమెందుకు, ఫొటో మంచిగనే వచ్చింది గదా" అంటుంది. నిజమే, మంచిగానే వచ్చింది. అందుకే దాన్ని చూడలేను.

కొత్తగా బీట్ ఆఫీసర్లుగా చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ట్రైనింగులో మీకు చట్టాలు చెప్తారు, తుపాకి తుడవడం చెప్తారు, సెల్యూట్ కొట్టడం చెప్తారు. ఒక బీడు మీద ఎవరు ఎవర్ని తిని బతుకుతున్నారు, ఊరు పెరిగి మీదికి వస్తే ఆ లెక్క ఎట్లా తలకిందులైతది, అది మాత్రం చెప్పరు. నాకూ చెప్పలేదు. చెప్పినవాళ్ళ మాట నేను చెవిన పెట్టలేదు. మీరు నా అంత మూర్ఖులు కాకూడదని ఇంత చెప్తున్నాను.

కూర్చునే కొమ్మ

మాది మోత్కూరు దగ్గర నేత ఇల్లు. బాపు మగ్గం మీద కూర్చుంటే నేను కండెలు చుట్టేవాణ్ణి. ఉద్యోగం రాగానే మొదట వేసింది అమ్రాబాద్‌లో. మగ్గం గుంట తప్ప లోకం తెలియనివాణ్ణి తీసుకుపోయి నల్లమలలో దింపారు. అక్కడ నాకు పని నేర్పింది పై అధికారులు కాదు. మా దగ్గర వాచర్‌గా చేసే లింగయ్య అనే చెంచాయన.

ఒకసారి వాళ్ళ పెంటలో ఒక గద్ద రోజూ కోడిపిల్లల్ని ఎత్తుకుపోతోందని ఆడవాళ్ళు మొరపెట్టుకున్నారు. పెంట అంటే చెంచుల గుడిసెలుండే చోటు. నేను పెద్ద హుషారుగా కర్ర పట్టుకుని ఆకాశం వెతుకుతూ తిరిగాను. లింగయ్య ఒక చెట్టు కింద చతికిలబడి నవ్వుతున్నాడు.

"పైకి చూస్తే మెడ పడతది సారూ. కిందికి చూడు."

కింద తెల్లటి రెట్ట, నాలుగు ఈకలు, ఒక చిన్న కోడికాలు. పైన ఎండిపోయిన మద్ది కొమ్మ. అక్కడ కూర్చుంటే పెంట అంతా అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది.

"గద్ద రెక్కల మీద బతకదు సారూ, కొమ్మ మీద బతుకుతది. అది కూసునే కొమ్మ ఏదో తెలిస్తే, ఎవర్ని తింటదో తెలుస్తది."

కొమ్మ నరుకుదామా అన్నాను. అతను నా వంక అదోలా చూశాడు. కోళ్ళ గంపల్ని ఆ కొమ్మకు కనిపించని వైపు గుబురు చెట్ల కిందికి మార్చారు, అంతే. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు ఒక పిల్ల పోయేది. "దానికీ పిల్లలుంటయి గదా" అనేవాడు లింగయ్య. నేను విన్నాను, తల ఊపాను, ఇరవై ఏళ్ళు మరిచిపోయాను.

ఖాళీ జాగా అనే బూతు మాట

తెలంగాణ వచ్చిన తర్వాత నన్ను నల్గొండ వైపు సెక్షన్ ఆఫీసరుగా వేశారు. తోటివాళ్ళు వెక్కిరించారు. "పులి లేదు, చెట్టు లేదు. గక్కడేం కాపలా కాస్తవే? పోయి పండుకో" అన్నారు. నేనూ అట్లాగే అనుకున్నాను. అడవి అంటే చెట్లుండాలి అనే పిచ్చి మా డిపార్ట్‌మెంటులో చాలామందికి ఉంది. నాకూ ఉండేది.

నా సెక్షన్ కింద పట్నానికి ఆనుకుని ఒక బీడు ఉండేది. ఊరి పేరు చెప్పను. పరుపు బండలు, మోకాలి ఎత్తు గడ్డి, అక్కడక్కడా తంగేడు, రేగు పొదలు. సగం మా అడవి భూమి, సగం పట్టా భూమి. చూడ్డానికి ఏమీ ఉండదు. కాళ్ళు మడుచుకుని ఒక గంట కూర్చుంటే మాత్రం నేలంతా కదులుతుంది. కౌజులు, పూరేళ్ళు, పేరు తెలియని బుడ్డ పిట్టలు. అన్నిటికంటే ఎక్కువ తీతువులు. పొడుగు పచ్చ కాళ్ళు, కళ్ళ ముందు ఎర్ర చర్మం, నిమిషం నోరు మూయని పిట్ట. అది చెట్టెక్కదు, గూడు అల్లదు. నేల మీద చిన్న పల్లం చేసి, చుట్టూ గులకరాళ్ళు పెట్టుకుని, అందులో రాళ్ళలాంటి మచ్చల గుడ్లు పెడుతుంది. ఊళ్ళో దాని కూత అపశకునమంటారు. ఆ మాట అనేవాళ్ళు దాన్ని పగటిపూట ఎన్నడూ చూసి ఉండరు.

మా రేంజర్ మొదటిసారి జీపు దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసి "ఇదంతా ఖాళీ జాగానే గదయ్యా" అన్నాడు. పట్టా భూమి కొన్న వెంచర్ మేనేజరు కూడా సరిగ్గా అదే మాట అన్నాడు: "ఖాళీ జాగా సార్, డెవలప్ చేస్తున్నం." ఒకడు అడవిని కాపాడడానికి జీతం తీసుకునేవాడు, ఇంకొకడు ప్లాట్లు అమ్ముకునేవాడు. ఇద్దరి నోటా ఒకటే మాట. పిల్లలూ, మీ పై అధికారి గడ్డినేలను ఖాళీ జాగా అన్నాడంటే, దాని గతి అయిపోయిందని తెలుసుకోండి. ఇంత పచ్చి బూతు మాట నేను నా సర్వీసులో ఇంకొకటి వినలేదు.

మల్లవ్వ చూపించింది

ఆ బీడు మీద గొర్లు కాసేది మల్లవ్వ. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. భుజాన గొంగడి, చేతిలో కర్ర, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక తిట్టు. ఆమె అత్త కాలం నుంచీ వాళ్ళ మంద అక్కడే మేస్తోంది. మొదట్లో నన్ను చూస్తే మందను అవతలికి తోలుకుపోయేది. ఖాకీ అంటే ఆమెకు జరిమానా అనే అర్థం. నేను ఏమీ అనకపోయేసరికి మెల్లగా మాట కలిపింది.

ఒక మధ్యాహ్నం తీతువు గొంతు చించుకుంది. మల్లవ్వ తింటున్న రొట్టె పక్కన పెట్టి, ఒక్క ఈలతో మందనంతా దగ్గరికి లాగింది. అటు పక్క రేగు పొదల్లోంచి ఒక నక్క తల పైకెత్తి, పని జరగదని తెలిసి తోక ముడుచుకుని పోయింది.

"ఏమైంది మల్లవ్వా?"

"ఏం గాలే. నక్క వచ్చిందని తీతువు చెప్పింది, నేను ఇన్న. గంతే. నా గొర్రెపిల్లలకు గదే కాపలా సారూ. దాని గుడ్లను నా గొర్లు తొక్కకుంట చూస్త, నా పిల్లలను అది చూస్తది."

అప్పటికే పట్టా భూమిలో జేసీబీలు దిగాయి. ఎండాకాలం, గుడ్లు పెట్టే రోజులు. ఈ గుడ్లన్నీ జేసీబీ కింద నలుగుతాయని నాకు గుబులు పట్టింది. ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించమని మల్లవ్వను అడిగాను. రెండు రోజులు ఎటూ చెప్పలేదు. మూడో రోజు తనే పిలిచింది.

"నీకొక్కనికే చూపిస్తున్న. మందికి చెప్పకు."

"ఎట్లా కనిపెడతావు?"

"నేనెక్కడ కనిపెడ్త? అదే చెప్తది. దూరం పోతాంటె ఊకుంటది. దగ్గరికొస్తె మొత్తుకుంటది. ఇంక గుడ్ల మీదికే పోతె కాలిరిగినట్టు కుంటుకుంట నేలమీద పొర్లుకుంట పోతది, నిన్ను దూరం తీస్కపోతందుకు. నక్క నమ్మి దాని ఎంట పోతది. నువ్వు గప్పుడు ఆగి, కాళ్ళ కాడ చూసుకోవాలె."

అట్లా తొమ్మిది చోట్ల చూపించింది. నాలుగు పట్టా భూమిలో, ఐదు మా భూమిలో. ఒక మనిషి నన్ను నమ్మి అంత విలువైనది చూపించడం నా సర్వీసులో అదే మొదలు. ఆ నమ్మకాన్ని నేను మూడు రోజులు కూడా నిలుపుకోలేదు.

జెండాలు

ఇంటికి పోయి ఆలోచించాను. పెద్ద తెలివి పుట్టింది. ఒక్కో గుడ్ల పల్లం పక్కన మూరెడు దూరంలో ఒక కర్ర పాతి, దానికి ఎర్ర గుడ్డ కడితే జేసీబీ డ్రైవర్లకు, ట్రాక్టర్ల వాళ్ళకు దూరం నుంచే తెలుస్తుంది కదా! బాపు మగ్గం దగ్గర మిగిలిన ఎర్ర నూలు గుడ్డ తెచ్చి నా చేతులతోనే చింపి కట్టాను. రేంజర్‌కు చెప్తే ఎగిరి గంతేశాడు. పేపర్ల వాళ్ళను పిలిచాడు. వెంచర్ మేనేజరు కూడా వచ్చి ఫొటోలో నిలబడ్డాడు. బీడును తవ్వేవాడు, పిట్టను కాపాడేవాడు, పక్కపక్కన నిలబడి పళ్ళు ఇకిలించాం. నేనేమన్నా తక్కువ తిన్నానా? అందరికంటే వెడల్పుగా నవ్వింది నేనే.

మల్లవ్వ దూరం నుంచి చూసింది. దగ్గరికి రాలేదు. పోతూ పోతూ ఒక్క మాట అంది.

"గిదేంది సారూ? మందికి చెప్పకు అంటె ఊరికంత దండోరా ఏసినవ్."

నాకు కోపం వచ్చింది. చదువురానిదానికి ఏం తెలుసు అనుకున్నాను. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది, అయినా రాస్తున్నాను. మీలో కూడా ఆ మాట అనుకునేవాళ్ళు ఉంటారు కాబట్టి రాస్తున్నాను.

డ్రైవర్లు మంచివాళ్ళు. ఒక్క జెండాను కూడా తాకలేదు. ఒకాయనైతే జేసీబీని చుట్టు తిప్పి మరీ తీసుకుపోయాడు. ఐదో రోజు పోయి చూస్తే ఏడు చోట్ల గుడ్లు లేవు. జెండాలు మాత్రం కొత్త పెళ్ళికూతుళ్ళలాగా నిలబడి ఉన్నాయి.

నా రిపోర్టు

రేంజర్ ఫోన్ చేశాడు. "ఏందయ్యా, గుడ్లన్నీ పోయినయంట? పేపరోల్లు అడుగుతున్నరు. ఏం చెప్పాలె?"

నాకు తెలియదు. తెలియదు అని చెప్పాల్సింది. ఆ రెండు ముక్కలు చెప్పడానికి నోరు రాలేదు. బీడు మీద కనిపించే జాడలు నాలుగు రకాలు: జేసీబీ చక్రాలు, కుక్కలు, మనుషులు, గొర్లు. "గొర్లే అయ్యుంటయి సార్" అన్నాను. "గట్లనే రాసియ్యి" అన్నాడు. నా "అయ్యుంటయి" కాగితం మీదికి ఎక్కేసరికి "గొర్రెలు తొక్కడం వలన" అయింది. సంతకం నాది.

బాపు అనేవాడు, పోగు ఎక్కడ తెగిందో చూడకుండా ముడి వేస్తే బట్టంతా పాడైతదని. నేను చూడకుండానే ముడి వేశాను. వారంలో మా భూమి చుట్టూ కందకం తవ్వించారు. మందను రానివ్వొద్దని ఆర్డరు. అవతల పట్టా భూమిలో వెంచర్. మల్లవ్వకు కాలు పెట్టే జాగా లేకుండా పోయింది. ఆర్డరు చెప్పడానికి నేనే పోయాను. ఆమె అరవలేదు, ఏడవలేదు. కర్ర మీద గడ్డం ఆనించి అడిగింది.

"గొర్రె తొక్కితె పెంకులు యాడ పోతయి సారూ? సొన నేలకు అంటాలె గదా? ఒక్క పెంకన్న చూపియ్యి. చూపిస్తె నా మందను నేనే కోస్త."

ఆమె మందను తోలుకుని పెద్ద రోడ్డు దాటి అవతలి మెట్ట చెలకల వైపు పోయింది. నేను తలదించుకుని జీపెక్కాను.

కాకి బీటు

పెంకులు యాడ పోతయి? ఆ మాట బుర్రలో తొలుస్తూనే ఉంది. మర్నాడు పొద్దున్నే పోయి బీడంతా వంగి వంగి వెతికాను. పల్లాల్లో ఏమీ లేదు. విసిగిపోయి వెంచర్ వాళ్ళు కొత్తగా కట్టిన కమాను కింద నీడకు నిలబడ్డాను. కాలి కింద ఏదో చిట్లింది. చూస్తే మచ్చల పెంకు. దాని పక్కన ఇంకొకటి. పక్కన వీధిలైటు స్తంభం. దాని కింద తెల్లటి రెట్ట, మళ్ళీ పెంకులు. లింగయ్య ఎదురుగా నిలబడి "కిందికి చూడు" అన్నట్టే అయింది. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ మాట నా బుర్రకెక్కింది.

ఒక రేగు పొద చాటున కూర్చున్నాను. ఇంకా రెండు చోట్ల గుడ్లున్నాయి. ఎండ ఎక్కేసరికి రెండు కాకులు వచ్చాయి. మొదట కమాను మీద వాలాయి. తర్వాత స్తంభం మీద. తర్వాత ఒకటి సూటిగా ఎగిరి వచ్చి ఎక్కడ వాలిందనుకున్నారు? నా ఎర్ర జెండా కర్ర మీద! నేను పాతిన కర్ర మీద కాళ్ళు ఆనించి, మెడ వంచి కిందికి చూసింది. గుడ్లు లేవు. ఎగిరి రెండో జెండా మీద. మూడో జెండా మీద. ఒక్కటి కూడా వదలకుండా వరసగా తిరిగింది. నా కింద పనిచేసిన ఏ బీట్ ఆఫీసరూ అంత పద్ధతిగా బీటు తిరగలేదు.

ఎనిమిదో జెండా దగ్గర తీతువు లేచి మొత్తుకుంది. నెత్తి మీద కొట్టబోయింది. కాకి బెదరలేదు. తీతువు నేల మీద పడి కుంటింది, రెక్క ఈడ్చింది, నక్కకు చూపించే నాటకమంతా ఆడింది. కాకి ఎందుకు పోతుంది దాని వెంట? కర్ర మీద నుంచి దానికి గుడ్లే కనిపిస్తున్నాయి. ఒక కాకి తీతువును అటు తిప్పుకుంటే, రెండోది దిగి గుడ్డు ముక్కున పట్టుకుని స్తంభం మీదికి పోయింది. మళ్ళీ వచ్చింది. నాలుగూ అయిపోయాయి. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు. ఆ సామెత నాకు ఆ రోజు కళ్ళారా కనిపించింది.

తొమ్మిదో దాన్నైనా కాపాడదామని పరుగెత్తాను. జెండా పీకి పారేశాను. నాలుగు అడుగులు వెనక్కి వేశానో లేదో, నా వెనకే ఎగిరి వచ్చిన కాకి అక్కడ దిగింది. అంటే కర్ర లేకపోయినా నేను చాలు. ఖాకీ బట్టలవాడు ఎక్కడ వంగితే అక్కడ తిండి ఉందని అది ఎప్పుడో నేర్చుకుంది. రాళ్ళు విసిరాను, అరిచాను, నేనే తీతువులాగా గెంతాను. అటు ఒక కాకిని తరిమేలోపు ఇటు రెండోది పని ముగించింది.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. కాకి మీద నాకు కోపం లేదు. ఆ బీడు మీద ఇంతకుముందు కూడా గుడ్లు తినేవాళ్ళు ఉన్నారు. నక్క తినేది, ఉడుము తినేది. నక్క ఆకలితో వస్తుంది. తినడానికి ఏమీ దొరక్కపోతే ఇంకో చోటికి పోతుంది, లేకపోతే చస్తుంది. అందుకే తీతువులు తగ్గితే నక్కలూ తగ్గేవి, మళ్ళీ తీతువులు లేచేవి. పట్నం కాకికి ఆ బాధ లేదు. పట్నం చికెన్ షాపుల పేగులు, ఈకలు అన్నీ సంచుల్లో కట్టి తెచ్చి బీడు వెనక గుంతలో పోస్తున్నారు. కాకికి, గద్దకు, ఊరకుక్కకు అక్కడ మూడు పూటలా పెళ్ళి భోజనం. కడుపు నిండాక పొద్దుపోవడానికి గుడ్లు తింటాయి. గుడ్లు అయిపోయినా అవి చావవు, పోవు, వచ్చే ఏడు కూడా అక్కడే ఉంటాయి. దీనికి తోడు, బీడు మీద కాకికి కూర్చునే జాగానే ఉండేది కాదు. మనం స్తంభాలు పాతాం, కమాను కట్టాం. తక్కువైందేమోనని నేను తొమ్మిది కర్రలు పాతి, ఎక్కడేముందో గుడ్డ కట్టి మరీ చూపించాను. దొంగ చేతికి తాళాలివ్వడం అంటే ఇంకేముంటుంది?

పట్నంలో పావురాలు ఎందుకు పెరిగాయి, పిచ్చుకలు ఎందుకు పోయాయి అని నన్ను కొందరు అడుగుతుంటారు. టవర్లు అంటారు, రేడియేషన్ అంటారు. అవన్నీ నాకు తెలియవు. తెలియదు అని చెప్పడం ఆలస్యంగా నేర్చుకున్నాను. నాకు తెలిసింది ఒక్కటే: తినేవాడికి తిండి మనం పెడుతూ, వాడు కూర్చునే కొమ్మ మనం పాతుతూ, తినబడేవాడికి దాక్కునే గడ్డి లేకుండా చేస్తున్నాం. ఆపైన అయ్యో పిట్టలు పోయాయని సభలు పెడుతున్నాం.

కందకం

రిపోర్టు మార్చి రాసి రేంజర్ దగ్గరికి పోయాను. కాకులని, జెండాలని, తప్పు నాదని, గొర్లకు సంబంధం లేదని రాశాను. చదివి బల్ల మీద పెట్టాడు.

"పిచ్చి లేసిందా? జెండాల వల్ల గుడ్లు పోయినయని మనమే రాసుకుంటమా? ఫొటోల నేను గూడ ఉన్న."

"మల్లవ్వ మంద పోయింది సార్. ఆమె తప్పు లేదు."

"గొర్రెలు పోతె మంచిదే గదయ్యా. జాగా ఖాళీ అయింది. మొక్కలు పెడ్దం."

అన్నట్టే వానలు పడగానే గుంతలు తీసి మొక్కలు పెట్టించాడు. ఒక్కో మొక్కకు ఒక ఇనుప కంచె. గడ్డినేల మీద వరసగా ఇనుప కంచెలు, ఒక్కోదాని మీద ఒక్కో కాకి. అడవిని కాపాడేవాళ్ళమే కాకులకు కుర్చీలు వేసి పెట్టాం. కంచే చేను మేయడం అంటే ఇదే. మొక్కలు ఎండకు చచ్చాయి. కంచెలు ఉన్నాయి.

రెండోసారి గుడ్లు పెట్టిన తీతువులు కొన్ని పిల్లల్ని చేశాయి. పుట్టిన పూటే నడిచే పిల్లలవి, బొటనవేలంత ఉంటాయి. అవి నడుచుకుంటూ పోయి మేం తవ్విన కందకంలో పడ్డాయి, ఎక్కలేకపోయాయి. పైన తల్లి మొత్తుకుంటోంది, కింద పిల్లలు అటూ ఇటూ ఉరుకుతున్నాయి, కట్ట మీద కాకి తీరిగ్గా కూర్చుని ఉంది. ఆ రోజు నేను ఎవర్నీ అడగలేదు. పార తెప్పించి, చొక్కా విప్పి, బండి పట్టేంత మేర కందకం నేనే పూడ్చాను. పిల్లలు మూడింటిని చేత్తో తీసి గడ్డిలో వదిలాను. నాకు మెమో వచ్చింది. దానికి జవాబు ఇచ్చానో లేదో ఇప్పుడు గుర్తు లేదు.

గురుతు

మల్లవ్వను వెతుక్కుంటూ పెద్ద రోడ్డు అవతలికి పోయాను. మందలో సగం లేదు. చికెన్ గుంత దగ్గర బలిసిన కుక్కలు గుంపుగా వచ్చి గొర్రెపిల్లల్ని చీల్చాయని చెప్పింది. "గక్కడ తీతువు లేదు సారూ. కుక్కలు మీద పడేదాంక నాకు తెల్వనే లేదు" అంది. నేను చెట్టు కింద నిలబడి జరిగిందంతా చెప్పాను. జెండా, కాకి, రిపోర్టు, ఏదీ దాచలేదు. నన్ను తిడుతుందని చూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"మా అత్త చెప్పేది" అంది. "గుడ్ల కాడ గురుతు పెట్టొద్దు. గురుతు నీకు తెలిసే కాడ పెట్టాలె. మేము గుడ్లు చూస్తె, గక్కడికెల్లి ఇన్ని అడుగులని ఒక దిక్కు నడిచి ఒక రాయి మీద రాయి పెడ్తం. ఎటు దిక్కు, ఎన్ని అడుగులు, గది నోట్లనే ఉంటది. మా మరిది వస్తె నోటితోనే చెప్త. కాకి రాయిని చూస్తది గని, నా నోరును చూస్తదా?"

"అప్పుడే ఎందుకు చెప్పలేదు మల్లవ్వా?"

"నువ్వు అడిగినవా? గుడ్లు యాడున్నయని అడిగినవ్. ఎట్ల కాపాడుతరని అడగలే."

పిల్లలూ, నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నదంతా ఆ మాటలో ఉంది. కందకం ఒక పక్క పూడ్చానని, మందను తోలుకు రమ్మని, నేను ఉన్నన్నాళ్ళు ఎవరూ అడ్డుకోరని చెప్పాను. కాగితం ఇవ్వగలవా అంది. ఇవ్వలేను అన్నాను. అయినా సరే అంది.

మంద తిరిగి వచ్చింది. రిటైరయ్యేదాకా ఆ బీడుకు అడ్డం పడి కూర్చున్నాను. అయినా వెంచర్ పెరిగింది, కమాను పక్కన ఇంకో కమాను లేచింది, బీడు చిన్నదయింది. రేంజర్లు మారారు, ఖాళీ జాగా అనే మాట మారలేదు.

మొన్న ఎండాకాలంలో ఉండబట్టలేక స్కూటర్ మీద పోయాను. ఒంటి మీద ఖాకీ లేదు, మామూలు తెల్ల చొక్కా. మల్లవ్వ బండ మీద కూర్చుని ఉంది. చాలా పెద్దదైపోయింది. ఆమె మరిది అవతల, కేకేస్తే వినపడేంత దూరంలో, మందను మేపుతున్నాడు. మంచి చెడ్డలు మాట్లాడుకున్నాం. లేచి నాలుగడుగులు నడిచానో లేదో, ఒక రాయి మీద ఇంకో చిన్న రాయి కనిపించింది. అంటే ఇంకా ఉన్నాయి!

"మల్లవ్వా, గురుతు రాయేనా ఇది?"

"ఆఁ."

"ఎటు దిక్కు? ఎన్ని అడుగులు?"

ఆమె నన్ను చూసింది. కోపం లేదు, వెటకారం లేదు.

"గది నీకు చెప్పను సారూ."

అప్పుడే గడ్డిలోంచి తీతువు లేచి నా నెత్తి మీద తిరుగుతూ గొంతు చించుకుంది. అవతలి నుంచి మరిది కేకేశాడు:

"ఏందే వదినే, నక్కనా?"

"కాదు" అని మల్లవ్వ గట్టిగా జవాబిచ్చింది. "ఫారెస్టు సారు!"

అతను ఒక్క ఈల వేసి మందనంతా దగ్గరికి తోలుకున్నాడు.